పది లక్షల డాలర్లకు రెండు మిల్లీమీటర్లు: మా గరాజ్‌లో రేంజర్స్ బోర్డు డైరీ

2024 నవంబరు 16, శనివారం

ఈ పనికి మూలం ఒక గొడవ. నిన్న రాత్రి బావ వాళ్ళు భోజనానికి వచ్చారు. పప్పుచారు వడ్డించేసరికి మాట మా డాలస్ వైపు బేస్‌బాల్ టీమ్ టెక్సస్ రేంజర్స్ మీదికి మళ్ళింది, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం గొంతులు పెంచేశాం. 2023లో వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిన టీమ్ ఈ ఏడాది 78 గెలిచి 84 ఓడింది. నిరుడు 881 పరుగులు చేసినవాళ్ళు ఈసారి 683 దగ్గరే ఆగిపోయారు. మరి ఈ చలికాలం ఏం చెయ్యాలి? డబ్బు పెట్టి బయటివాళ్ళను కొనాలా, ఉన్న కుర్రాళ్ళనే నమ్ముకోవాలా?

నేను కొనాలనే పక్షం. నా సాక్ష్యం 2021 చలికాలం. ఆ సీజన్‌లో 102 మ్యాచ్‌లు ఓడిన టీమ్, డిసెంబరు రాకముందే కోరీ సీగర్‌కు పదేళ్ళకు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సిమియన్‌కు ఏడేళ్ళకు 17.5 కోట్లు ఒప్పుకుంది. రెండో ఏడాదికల్లా కప్పు ఇంటికొచ్చింది. ఆ వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, సీగరే.

బావది వేరే అనుభవం. ఆయన డాలస్‌లో దిగింది 2000లో. ఆ డిసెంబరులోనే రేంజర్స్ అలెక్స్ రోడ్రిగెజ్‌కు పదేళ్ళకు 25.2 కోట్లు ఇచ్చారు. "తర్వాత మూడేళ్ళు వరసగా డివిజన్‌లో ఆఖరి స్థానం. ఆయన మన సిక్సర్ల లాంటి హోమ్ రన్లు కొడుతూనే ఉన్నాడు, మేం ఓడుతూనే ఉన్నాం. 2004లో న్యూయార్క్ యాంకీస్ టీమ్‌కు సాగనంపారు. 2010లో టీమ్ దివాలా తీస్తే హామీ లేని బాకీల జాబితాలో అందరికంటే పైన ఎవరి పేరుందో తెలుసా?" అంటాడు. తెలుసు, రోడ్రిగెజ్ పేరే. దాదాపు 2.5 కోట్ల డాలర్లు. బావకు ఆ గాయం ఇప్పటికీ మానలేదు.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. వాడిది మూడో పార్టీ. వాయట్ లాంగ్‌ఫర్డ్, జాక్ లైటర్, కుమార్ రాకర్ లాంటి కుర్రాళ్ళను ఎవరికోసమూ వేరే టీమ్‌కు ఇచ్చెయ్యకూడదంటాడు.

"నీ లెక్కంతా గాల్లో ఉందోయ్. గోడ మీద పెట్టి చూపించు" అన్నాడు బావ, కారెక్కుతూ. సరే, పెడదాం.

నవంబరు 17

ఎక్సెల్‌లో చెయ్యొచ్చు. కానీ వారమంతా ఆఫీసులో చేసేది అదే కాబట్టి మళ్ళీ దాని ముందు కూర్చోబుద్ధి కాలేదు. పైగా ఎక్సెల్ మీద నలుగురు పోట్లాడుకోలేరు, మౌస్ ఒకరి చేతిలోనే ఉంటుంది.

గరాజ్‌లో పాత థర్మోకోల్ షీట్ ఒకటి పడి ఉంది. దానికి తెల్ల చార్టు అంటించి అడ్డంగా ఏళ్ళు గీశాను: 2025 నుంచి 2031 దాకా, ఏడాదికి 10 సెంటీమీటర్లు. నిలువునా డబ్బు: పది లక్షల డాలర్లకు 2 మిల్లీమీటర్లు. ఒక్కో ఆటగాడు ఒక్కో కాగితపు పట్టీ. ఒప్పందం ఎన్నేళ్ళుంటే అంత పొడుగు, ఏడాది జీతం ఎంతైతే అంత ఎత్తు. సీగర్ పట్టీ 2031 దాకా, అంటే 70 సెంటీమీటర్లు. బోర్డంతా ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. కత్తిరిస్తుంటే నాకే కొంచెం గుండె జారింది. 32.5 కోట్లు అని నోటితో అనడం వేరు, ఏడు గళ్ళ పొడుగునా జిగురు పూయడం వేరు.

మొదటి తప్పు ఈరోజే చేశాను. మా పిచర్ (బంతి విసిరేవాడు) జేకబ్ డిగ్రోమ్‌కు 2025లో చేతికొచ్చేది 4 కోట్లు కదా అని 80 మి.మీ. ఎత్తున కోసేశాను. సాయంత్రం నిబంధనలు చదివితే తెలిసింది, మనకు కావలసిన లెక్కలో, అంటే టీమ్ మొత్తం జీతాల మీద లీగ్ వేసే పన్ను లెక్కలో, చేతికిచ్చే డబ్బు రాదు. మొత్తం ఒప్పందాన్ని ఏళ్ళతో భాగించి సగటు తీస్తారు. అతనికి అయిదేళ్ళకు 18.5 కోట్లు, కాబట్టి ఏడాదికి 3.7 కోట్లు, 74 మి.మీ. పట్టీ మీదుగా 6 మి.మీ. ముక్క తీసేశాను. సీగర్ 65, సిమియన్ 50, జాన్ గ్రే 28, టైలర్ మేలీ 22, అడోలిస్ గార్సియా 14. డిగ్రోమ్‌తో కలిపి ఆరుగురికే పావు మీటరు దాటింది.

నవంబరు 24, ఆదివారం

తెల్లవారుజామున నాలుగింటికి హాల్లో టీవీ మోత. నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది, ఇంకా నిద్ర కుదురుకోలేదు. పైగా ఈరోజు జెద్దాలో ఐపీఎల్ మెగా వేలం. నేనూ కాఫీ పెట్టుకుని పక్కన కూర్చున్నాను. పంత్ 27 కోట్లకు పోయాడు. సన్‌రైజర్స్ వాళ్ళు 120 కోట్ల సంచిలో 75 కోట్లు క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, మన నితీశ్‌లను అట్టిపెట్టుకోవడానికే వాడేశారు. మిగిలిన 45 కోట్లతోనే షమీ, ఇషాన్ కిషన్, ఇంకా అందరూ.

"మీ వాళ్ళ వేలం ఎప్పుడురా?" అన్నారు నాన్నగారు.

"బేస్‌బాల్‌లో వేలం లేదు నాన్నా. ఒప్పందం తీరిన వాడు ఫ్రీ ఏజెంట్. అతని ఏజెంటు నాలుగు టీమ్‌లతో మాట్లాడి ఎక్కడ నచ్చితే అక్కడ సంతకం పెట్టిస్తాడు."

"సంచి ఎంత?"

"సంచికి అడుగు లేదు. ఒక గీత దాటితే మాత్రం పన్ను కట్టాలి."

ఆయన కాసేపు ఆలోచించారు. "అంటే పెళ్ళి భోజనాల లాంటిదన్నమాట. ఎన్ని విస్తళ్ళయినా వెయ్యొచ్చు, కాకపోతే మున్ముందు ఎవడో ఒకడు అప్పు తీర్చాలి."

బోర్డు గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

నవంబరు 30

ఎర్ర దారం కట్టాను. 2025కి ఆ పన్ను గీత 24.1 కోట్ల డాలర్ల దగ్గర, అంటే అడుగు నుంచి 482 మి.మీ. 2026కి 24.4 కోట్లు, 488 మి.మీ. అక్కడికి ఆటగాళ్ళ సంఘానికీ టీమ్‌లకూ మధ్య ఉన్న ఒప్పందం అయిపోతుంది. గడువు 2026 డిసెంబరు 1. ఆ తర్వాత గీత ఎక్కడుంటుందో, అసలు ఉంటుందో లేదో ఎవరూ రాయలేదు. కాబట్టి రెండో గడి చివర సూది గుచ్చి దారాన్ని అలాగే వదిలేశాను. కింద మాత్రం సీగర్ పట్టీ ఇంకో అయిదు గళ్ళు నడుస్తూనే ఉంది. బావ దాన్ని చూసి ఏమీ అనలేదు, వేలితో ఆ దారం కొస ఊపి వెళ్ళాడు. అనడం కంటే అదే ఎక్కువ.

పన్ను సంగతి: మొదటి ఏడాది దాటితే దాటిన మేర మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది 50. మనవాళ్ళు 2023లో దాటారు, 2024లో దాటారు. ఒక్క ఏడాది గీత కింద ఉంటే లెక్క మళ్ళీ 20 నుంచి మొదలు. అందుకే ఈసారి లోపలే ఉండాలని చూస్తున్నారని పేపర్లన్నీ రాస్తున్నాయి. టీవీ డబ్బు కూడా పాత పద్ధతిలో రావడం లేదు. మ్యాచ్‌లు చూపించే కంపెనీ దివాలాలో పడ్డాక ఆ ఒప్పందం ఈ సీజన్‌తో ముగిసింది.

రెండో తప్పూ ఈరోజే దొరికింది. పట్టీలన్నీ ఆటగాళ్ళవే. పెన్షన్, వైద్యం లాంటి ఖర్చుల్లో ప్రతి టీమ్ వాటా కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కుర్రాళ్ళ బోనస్ నిధిలో వాటాతో కలిపితే సుమారు 1.9 కోట్లు. 38 మి.మీ. బూడిద రంగు పట్టీ కోసి అట్టడుగున పెట్టి, పైవన్నీ ఒక్కొక్కటే పీకి పైకి జరిపాను. రెండు గంటలు పట్టింది. జాన్ గ్రే కంటే ఎత్తున్న ఈ పట్టీకి పేరూ లేదు, బ్యాటూ లేదు.

డిసెంబరు 8

ఈ చలికాలం అందరూ ఎదురుచూసిన ఫ్రీ ఏజెంట్ హువాన్ సోటో న్యూయార్క్ మెట్స్ టీమ్‌కు. పదిహేనేళ్ళకు 76.5 కోట్ల డాలర్లు. నాన్నగారి కోసం రూపాయల్లోకి మార్చాను: ఆరు వేల కోట్ల పైమాటే. పది ఐపీఎల్ టీమ్‌ల సంచులన్నీ కలిపినా 1,200 కోట్లు. "అయిదు వేలాలు ఒక్కడికేనా!" అని ఆయన రెండోసారి కాఫీ అడిగారు. మా బోర్డుకు సంబంధం లేని వార్త. సోటో పట్టీ కొయ్యాలంటే ఇంకో థర్మోకోల్ కావాలి.

డిసెంబరు 10

ఈసారి వింటర్ మీటింగ్స్, అంటే టీమ్‌లూ ఏజెంట్లూ కలిసి బేరాలాడుకునే ఏటేటి సమావేశాలు, మన డాలస్‌లోనే, హిల్టన్ అనటోల్‌లో. ఆఫీసు నుంచి వస్తూ ఆగాను. చూడ్డానికి ఏమీ లేదు. పెద్ద లాబీ, సూట్లు, నిలబడే ఫోన్లలో టైప్ చేస్తున్న విలేఖరులు. పది నిమిషాలకు ఒకసారి అందరి తలలూ ఒకేసారి ఫోన్లలోకి వంగేవి. అలా వంగినప్పుడల్లా ఎవడో ఒకడు ఊరు మారుతున్నాడని అర్థం. పార్కింగ్ డబ్బు మాత్రం బాగానే వదిలింది.

అలా వంగిన తలల్లో రెండు మనవి. పిచర్ నేథన్ ఇవాల్డీ తిరిగి మనతోనే, మూడేళ్ళకు 7.5 కోట్లు. మయామీ నుంచి బ్యాటర్ జేక్ బర్గర్, బదులుగా ముగ్గురు కుర్రాళ్ళు.

ఇవాల్డీ పట్టీ 50 మి.మీ. ఎత్తు, 30 సెం.మీ. పొడుగు. రాత్రి ఫోన్‌లో బావ: "ఫిబ్రవరికి ముప్ఫై అయిదు నిండుతాయి. మోచేతికి రెండు ఆపరేషన్లు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. మూడో ఏడాది నువ్విస్తావా జీతం?" నేను 2023 ప్లేఆఫ్స్‌లో ఇవాల్డీ ఆటను గుర్తు చేశాను. ఆయన డిగ్రోమ్‌ను గుర్తు చేశాడు. కొన్న మొదటి ఏడాదే ఆరు మ్యాచ్‌లు వేసి ఆపరేషన్ బల్ల ఎక్కాడు కదా! ఇద్దరిదీ నిజమే, అందుకే ఫోన్ పెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది.

బర్గర్‌ది మాత్రం నవ్వొచ్చే పట్టీ. ఇంకా కనీస జీతానికి దగ్గర్లోనే ఉన్నాడు. ఒకటిన్నర మి.మీ. కత్తెరకు అందలేదు, బ్లేడుతో కోశాను. ఈ ఏడాది 29 హోమ్ రన్లు కొట్టినవాడు అగ్గిపుల్ల మందాన వచ్చాడని నేను మురిసిపోతుంటే అబ్బాయి బోర్డు చుట్టూ చూసి, "నాన్నా, మనం ఇచ్చేసిన ముగ్గురూ ఎక్కడున్నారు?" అన్నాడు.

ఎక్కడా లేరు. ఈ బోర్డు మీద కొన్నది మాత్రమే కనబడుతుంది, ఇచ్చింది కనబడదు. అందుకే చౌక బేరాలన్నీ అంత ముద్దొస్తున్నాయి. పాత పెళ్ళి శుభలేఖ కవరు ఒకటి తెచ్చి బోర్డు పక్కన గుచ్చి ముగ్గురి పేర్లూ చీటీల మీద రాసి అందులో వేశాం. ఇకనుంచి ఎవరు వెళ్ళినా కవరులోకి.

డిసెంబరు 23

నిన్న ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే నథానియల్ లో అనే ఆటగాడిని వాషింగ్టన్‌కు పంపేశారు. బదులు రాబర్ట్ గార్సియా అనే ఎడమచేతి రిలీవర్, అంటే ఆట మధ్యలో దిగే పిచర్. ఈరోజు బ్యాటర్ జాక్ పీడర్సన్ వార్త, రెండేళ్ళకు 3.7 కోట్లు.

బోర్డు మీద చూస్తే అంతా తెలుస్తోంది. నథానియల్ జీతం వచ్చే ఏడాది కోటి డాలర్లు దాటుతుందని అంచనా, 21 మి.మీ. పట్టీ. అతని చోట్లో ఒకటిన్నర మి.మీ. బర్గర్. అలా ఖాళీ అయిన ఎత్తుకు దాదాపు మరో అంత చేర్చి 37 మి.మీ. పీడర్సన్. అంటే రెండు వారాల్లో జరిగిన మూడు పనులూ నిజానికి ఒకటే పని. విడివిడిగా వార్తలు చదివినప్పుడు నాకు ఇది తట్టలేదు.

నథానియల్ చీటీని కవరులో వెయ్యడానికి అబ్బాయి ఒప్పుకోలేదు. వాడి గదిలో ఆయన జెర్సీ ఉంది. 2023 టీమ్‌లో ఫస్ట్ బేస్ ఆయనదే. "ఆయన్ను కూడా ట్రేడ్‌లోనే కదరా తెచ్చుకున్నాం, టాంపా నుంచి" అన్నాను. "అయితే?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చీటీ వాడి దగ్గరే ఉంది.

2025 జనవరి 11

మొన్న మంచు పడింది. స్కూళ్ళు మూశారు. ఈరోజు పొద్దున గరాజ్‌లోకి వెళ్తే బోర్డు బోర్లా పడి ఉంది. చలికి డబుల్ టేప్ వదిలేసింది. సిమియన్ పట్టీ రెండు ముక్కలు. హిగాషియోకా, అంటే డిసెంబరు మొదట్లో రెండేళ్ళకు తెచ్చుకున్న క్యాచర్, కారు టైరు కింద దొరికాడు. ఈసారి గోడకు మేకులు కొట్టాను. ఇంటావిడకు ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 15

డిసెంబరు నుంచీ పక్కన చిల్లర కొనుగోళ్ళు కూడా జరుగుతున్నాయి. అన్నీ బుల్‌పెన్, అంటే రిలీవర్ల బృందం, కోసమే. క్రిస్ మార్టిన్ ఏడాదికి 55 లక్షలు, 11 మి.మీ. ఆర్లింగ్టన్ వాడే. ఒకప్పుడు ఆట మానేసి అక్కడే ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు ఉండే గోదాములో పనిచేసి, మళ్ళీ బంతి పట్టి పైకొచ్చాడు. హోబీ మిల్నర్ 25 లక్షలు, 5 మి.మీ. జేకబ్ వెబ్, షాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెరో పన్నెండున్నర లక్షలు, అంటే రెండున్నర మి.మీ. చొప్పున.

బావ వచ్చి స్కేలు పెట్టి కొలిచాడు. పెద్ద పట్టీలు పదీ కలిపి 364.5 మి.మీ. బూడిద పట్టీ 38. మిగతా చిన్నాచితకా జీతాలకు నేను వేసుకున్న అంచనా 60 పైన. దారానికీ పట్టీల కొసకూ మధ్య నా లెక్కలో రెండు సెంటీమీటర్లు కూడా లేదు.

"మరి క్లోజర్ ఎవరోయ్?"

క్లోజర్ అంటే చివర్లో దిగి ఆధిక్యాన్ని కాపాడే పిచర్. అదే నా బెంగ కూడా. కిందటేడు అలా 33 మ్యాచ్‌లు కాపాడిన కర్బీ యేట్స్ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కు వెళ్ళిపోయాడు. ఏడాదికి 1.3 కోట్లు, అంటే 26 మి.మీ. ఊరికే ఆ కొలతకు ఒక పట్టీ కోసి ఖాళీలో పెట్టి చూశాను. పైభాగం దారాన్ని దాటి బయటికొచ్చింది. ఆరేడు మిల్లీమీటర్లు. కోట్లలో చెబితే కోపం వచ్చేది, మిల్లీమీటర్లలో చూస్తే ఏమనాలో తెలియలేదు. "పీడర్సన్‌ను కొనకపోతే పట్టేవాడు" అన్నాడు బావ. "పీడర్సన్ లేకపోతే పరుగులెవరు చేస్తారు?" అన్నాను. మూడు నెలల గొడవలో మొదటిసారి ఇద్దరం ఒకే స్కేలు పట్టుకుని పోట్లాడుకున్నాం.

మార్చి 26

రేపు మొదటి మ్యాచ్, మన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో బోస్టన్‌తో. పంతం తేలాలంటే మాట ముందే రాసుకోవాలి కదా! డాలర్ షాపులో గుండ్రటి స్టిక్కర్లు తెచ్చాను. డబ్బుకు తగినవాడు అనుకుంటే పచ్చ, కాదనుకుంటే ఎరుపు. నలుగురం ఒక్కొక్కటి, స్టిక్కర్ మీద పేరులో మొదటి అక్షరం.

డిగ్రోమ్: బావ ఎరుపు, అబ్బాయి ఎరుపు, నేను కాసేపు తటపటాయించి పచ్చ. ఇవాల్డీ: బావ ఎరుపు, మిగతావాళ్ళం పచ్చ. బర్గర్ పట్టీ సన్నం కాబట్టి స్టిక్కర్లు పక్కన అంటించాం. అబ్బాయిది ఎరుపు, కారణం ఫస్ట్ బేస్ అని వేరే చెప్పక్కర్లేదు. పీడర్సన్‌కు మాత్రం నాలుగూ పచ్చవే. కిందటేడు అరిజోనాలో .275 సగటు, 23 హోమ్ రన్లు. నాన్నగారు వీడియోలు చూసి "వీడు మన క్లాసెన్ లాగా ఉన్నాడురా" అన్నారు. బావ కూడా మెత్తబడ్డాడు.

బుల్‌పెన్ మొత్తానికి కలిపి ఒకే పెద్ద ఎర్ర స్టిక్కర్. నేనే అంటించాను, ఎవరూ కాదనలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

సీజన్ అయిపోయింది. 81 గెలుపులు, 81 ఓటములు. ప్లేఆఫ్స్ లేవు. బావ, అబ్బాయి, నేను గరాజ్‌లో కుర్చీలు వేసుకున్నాం. తెనాలిలో అప్పటికి తెల్లవారలేదు, అయినా నాన్నగారు వీడియో కాల్‌లోకి వచ్చేశారు.

డిగ్రోమ్: 30 మ్యాచ్‌లు, 172 ఇన్నింగ్స్ పైన, 2.97 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన సగటు పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు). బావ తన ఎర్ర స్టిక్కర్ తనే గోటితో పీకాడు. ఇవాల్డీ దగ్గర గొడవ. 130 ఇన్నింగ్స్‌కు 1.73 ఈఆర్ఏ, అంటే పచ్చకే పచ్చ. కానీ ఆగస్టు చివర్లో భుజం దెబ్బతిని సీజన్ అక్కడితో సరి. "ముప్ఫై అయిదేళ్ళ భుజం అని నేను చెప్పలేదూ?" అన్నాడు బావ. పట్టీకి ఇంకా రెండు గళ్ళున్నాయి. రెండు రంగులూ ఉంచేశాం.

పీడర్సన్ .181. నాలుగు పచ్చ చుక్కలు వరసగా, దీపావళి తోరణంలా. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. బర్గర్ .236, మధ్యలో కొన్నాళ్ళు కింది స్థాయి టీమ్ రౌండ్ రాక్‌కు కూడా వెళ్ళొచ్చాడు. కోటి చిక్కులు పడి బాగు చేసుకున్నామనుకున్న బ్యాటింగ్ నిరుటి దగ్గరే ఉండిపోయింది. బెంగపడ్డ బౌలింగ్ వైపేమో 3.49 టీమ్ ఈఆర్ఏ. మేజర్ లీగ్స్ మొత్తంలో అంతకంటే తక్కువ ఎవరిదీ లేదు.

"ఆర్మ్‌స్ట్రాంగ్ ఎక్కడ?" అన్నాడు అబ్బాయి. 74 ఇన్నింగ్స్, 2.31. పన్నెండున్నర లక్షలకు.

బోర్డు మీద వెతికాం, లేడు. ఎర్ర స్టిక్కర్ కింద మిల్నర్ ఉన్నాడు, వెబ్ ఉన్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టీ ఎప్పుడు ఊడిందో ఎవరికీ తెలియదు. ఫోన్ లైటు వేసి, కుర్చీలు జరిపి, చివరికి బావే నేల మీద కూర్చుని గడ్డి కోసే మెషిన్ కింద నుంచి బయటికి లాగాడు. దుమ్ము పట్టిన సన్నటి తెల్ల కాగితం, రెండున్నర మిల్లీమీటర్లు.

"స్టిక్కర్ ఎక్కడ అంటిస్తావోయ్ దీనికి?" అన్నాడు, వెలుగులోకి పట్టి చూస్తూ.